పసుపు పూసిన మేకులు

మా ఆఫీసు నారాయణఖేడ్ బస్టాండు వెనక, ఎరువుల దుకాణం మీద రెండు గదులు. కింది నుంచి పురుగుమందుల వాసన, పైనుంచి రేకుల వేడి. ఆ గదుల్లో కూర్చుని మూడేళ్లుగా నేను చేస్తున్న పని ఏమిటో మా ఇంట్లోవాళ్లకే సరిగ్గా చెప్పలేకపోయాను. మా అమ్మ చుట్టాల దగ్గర "గడ్డి ఆఫీసుల నౌకరీ" అని తేల్చేసింది. అంతకు ముందు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. అప్పుడు అమ్మ గొంతు పెంచి "లెక్చరర్" అనేది. గడ్డి దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గింది.

అమ్మ చెప్పింది అబద్ధమేం కాదు. కంగ్టి దాటి సరిహద్దు వైపు పోతే, చివరి ఊళ్లలో ఒకదానికి ఎర్రమట్టి గట్టు మీద పెద్ద బంచరాయి ఉంది. బంచరాయి అంటే ఊరందరి పశువులూ మేయడానికి వెనకటి నుంచి వదిలేసిన నేల. కొత్తగా చూసేవాళ్లకు అక్కడ ఏమీ కనబడదు. మోకాలెత్తు గడ్డి, రేగు పొదలు, తంగేడు, అక్కడక్కడ మోదుగ చెట్లు. నేనూ మొదటిరోజు అట్లాగే చూసి, ఇదేం అడవి అని పెదవి విరిచాను. తర్వాత ఆ గడ్డిలో కదలకుండా కూర్చోవడం అలవాటయ్యాక ఒక్కొక్కటే బయటికొచ్చాయి. కౌజుపిట్టలు, పూరేళ్లు, నక్క బొరియలు, చలికాలంలో ఎక్కడినుంచో వచ్చి గడ్డి మీద కిందికిందికి ఎగిరే గద్దలు, పొద్దున్నే గట్టు అంచున నిలబడే జింకలు.

ఆ గడ్డిని నిలబెట్టడానికి డబ్బు తేవడం మా పని. దానికి మేం ఎంచుకున్న దారి జీవవైవిధ్య క్రెడిట్లు. క్రెడిట్ అంటే ఒక కాగితం. ఫలానా చోట ఇంత నేల, అక్కడ గడ్డి రకాలు, పిట్టలు, పురుగులు మునుపటికన్నా బాగున్నాయని కొలిచి రుజువు చేస్తే, ఆ బాగుకు ఒక కాగితం పుడుతుంది. ఎక్కడో నగరంలో ఉన్న కంపెనీ ఒకటి, ప్రకృతికి నేనూ ఏదో చేశానని చెప్పుకోవడానికి ఆ కాగితం కొంటుంది. ఆ డబ్బు నేలను కాసేవాళ్లకు రావాలి. వినడానికి ఇంతే. చేయడానికి మాత్రం కొలవాలి, ఏడాదికి మళ్లీ కొలవాలి, కొలిచింది నిజమేనని మాకు ఏ సంబంధమూ లేని మనిషి వచ్చి చూసి సంతకం పెట్టాలి.

ఇదంతా మొదటిసారి ఆ ఊరి పంచాయతీ ఆఫీసు ముందు చెప్పినప్పుడు ఒక పెద్దాయన చుట్ట పక్కకు తీసి, "గాలికి పైసలిస్తరని విన్న. గిప్పుడు గడ్డికి జీతమా?" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పదిహేను రోజులు కష్టపడి తయారుచేసుకున్న ఉపన్యాసం గంగలో కలిసిందని ఒళ్లు మండింది. ఆ పెద్దాయనే తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గడ్డికి జీతం తమ ఊళ్లో కొత్తది కాదని చెప్పాడు.

వెనకట తొలకరి పడగానే బంచరాయికి బంద్ పెట్టేవాళ్లట. నాలుగు మూలల రాళ్లకు సున్నం బొట్లు పెట్టి కొబ్బరికాయ కొడితే, ఇక దీపావళి దాకా ఒక్క మేక కూడా లోపలికి పోకూడదు. దీపావళి అయ్యాక ఇంటికొకరు కొడవలి పట్టుకుని పోయి తమ వాటా కోసుకునేవాళ్లు. కాపలా మాత్రం ఒకే ఇంటిది. పంట కల్లాల మీద ప్రతి రైతూ ఆ ఇంటికి కుంచెడు జొన్నలు కొలిచేవాడు. పత్తి వచ్చాక జొన్న పోయింది. పత్తిని కుంచంతో ఎవరు కొలుస్తారు? కాపలా ఇల్లు పట్నం బాట పట్టింది. గట్టు మీద ఎవరి మేకలు వాళ్లిష్టం అయ్యాయి.

ఆ ఇంటి కోడలే నేను చెప్పబోయే అక్క. యాభైకి అటూ ఇటూ వయసు. చీర మీద మొగుడి పాత అంగీ వేసుకుని, చేతిలో కర్రతో గట్టు ఎక్కితే నేను వెనక పరుగెత్తాల్సి వచ్చేది. ఇద్దరు బిడ్డల పెళ్లిళ్లు అయిపోయాయి. ఏటా దీపావళి కాగానే భార్యాభర్తలిద్దరూ హైదరాబాదు పోయి, కడుతున్న బిల్డింగుల దగ్గర రేకుల కొట్టంలో ఉండి, వానల ముందు తిరిగొచ్చేవాళ్లు. సిమెంటు దుమ్ముకు ఆయనకు దగ్గు పట్టుకుంది. దవాఖానాలో ఇగ ఆ పనికి పోవద్దన్నారు. మా ప్రాజెక్టు మొదలైనప్పుడు, క్రెడిట్లు చేతికొచ్చేదాకా నడపడానికి రెండు దీపావళుల వరకు కాపలా జీతం ఇవ్వగలిగే సొమ్ము మా దగ్గర ఉంది. ఊరంతా ఒక్కమాటగా ఆ పని ఆమెకే ఇచ్చింది. మూలరాళ్లకు మళ్లీ సున్నం బొట్లు పడ్డాయి.

"నాకు నీ కాగితం సంగతి తెల్వది చెల్లె. గీ జీతం నిలబడితే పట్నం పోవుడు తప్పుతది. మా ఆయన ఊపిరి నిలుస్తది. గంతే" అని ఆమె మొదటి నెలలోనే నాతో చెప్పింది. అందుకే నాకు ఆ ఊరి ఫైలు మీద కన్ను పడినప్పుడల్లా అందులో జింకలు కనబడేవి కావు, ఆయన దగ్గు వినబడేది.

కొలిచే పద్ధతి ఇది. గట్టు మీద ముప్పై చోట్ల ఇనుప మేకులు పాతాం. జానెడు బయటికి, మిగతాది భూమిలోకి. ప్రతి మేకుకు ఆనించి, మీటరు పొడవు మీటరు వెడల్పు ఉన్న ఇనుప చట్రం పరిచి, దాని లోపల ఏమేం మొలిచాయో, ఏమేం పాకుతున్నాయో, ఏ పశువు పెంటికలు పడ్డాయో రాసుకోవాలి. మరుసటి ఏడు సరిగ్గా అదే మేకు దగ్గర, అదే చదరంలో మళ్లీ రాయాలి. చోటు మారితే పోలిక పోతుంది. అందుకని మేకును కదిలించకపోవడమే ఈ పనిలో మొదటి నియమం.

నేను గడ్డి పేర్లు పుస్తకాల్లో చదువుకున్నవి చెప్పేదాన్ని. అక్క తన పద్ధతిలో చెప్పేది. ఇది ఎడ్లు ఇష్టంగా తినేది, ఇది బర్రె ముట్టనిది, ఇది పూత రాకముందు తింటే మేకకు కడుపుబ్బేది. రెండూ పక్కపక్కన రాసుకుంటే నేను ఒకటే అనుకున్న గడ్డి రెండు రకాలుగా తేలిన సందర్భాలు ఉన్నాయి. ఆ సంగతి క్రెడిట్లు ఇచ్చే పైవాళ్లకు చెప్పేటప్పుడు మాత్రం "పరిశీలనలో తేలింది" అని రాశాను. ఎవరి పరిశీలనలో అన్నది రాయలేదు. అడిగినవాళ్లు లేరు, నేనూ చెప్పలేదు.

రెండో ఏడు వానలు బాగా పడ్డాయి. గడ్డి నడుమెత్తు వచ్చింది. తనిఖీ చేసే మనిషి దసరా మరునాడు వస్తానని కబురు పెట్టాడు. ఆయన సంతకం పడితే మొదటి విడత క్రెడిట్లు అమ్ముడుపోతాయి, దీపావళి తర్వాత కూడా అక్క జీతం నడుస్తుంది. పడకపోతే మా చేతిలో పైసా లేదు. వారం రోజులు ఫైళ్లు సర్దుతూనే ఉన్నాను. పండుగనాడు కూడా మా ఇంట్లోవాళ్లందరూ పాలపిట్టను చూడ్డానికి పోతే, నేను ఫోటోలకు నంబర్లు వేస్తూ కూర్చున్నాను.

మరునాడు పొద్దున ఆరింటికే స్కూటీ మీద గట్టు చేరుకున్నాను. సారు పదింటికి వస్తాడు, ముందే ఒకసారి చూసుకుందామని. మొదటి మేకు కనబడలేదు. గడ్డిలో వెతికితే మేకు ఉండాల్సిన చోట గుండ్రటి బొక్క ఉంది. రెండోదీ అంతే. ఆరో మేకు దాకా ఒక్కటీ లేదు. ఇనుము కోసం ఎవడో దొంగ పీకేశాడనుకున్నాను. ఊళ్లోకి పరుగున పోయి అక్క ఇంటి తలుపు తట్టాను.

దొంగ ఎవరూ లేరు. లోపల గోడ వారన పీట మీద కొత్త గుడ్డ పరిచి, దాని మీద కొడవలి, గొడ్డలి, పార, వాటి పక్కన వరసగా ముప్పై ఇనుప మేకులు. చింతపండుతో తోమి తళతళలాడించి, ఒక్కోదానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల రేకులు చల్లి ఉన్నాయి. అక్క స్నానం చేసి తడి జుట్టుతో వచ్చి, ఇప్పుడే తీసుకుపోయి పాతుతానని నవ్వుతూ చెప్పింది. దసరానాడు బతుకునిచ్చే పనిముట్లు కడిగి పూజ చేయడం ఆ ఇంట్లో ఎప్పుడూ తప్పలేదట. ఈ రెండేళ్లుగా తమకు బతుకునిస్తున్నవి ఆ మేకులే గదా అన్నది. పోయినేడు దసరాకు అవి కొత్తవి, ఇంకా మనవి అనిపించలేదట.

ఇప్పుడు రాస్తుంటే నాకు ఆ పీట ముందు చేతులు జోడించాలనిపిస్తుంది. ఆ పొద్దున మాత్రం నోటికొచ్చింది వచ్చినట్టు తిట్టాను. రెండేళ్ల పని నాశనం చేశావన్నాను. చివరికి, "చదువు లేనోళ్ల చేతికి పనిచ్చుడు నాదే తప్పు" అన్నాను. ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది. వాళ్లాయన వాకిట్లో దగ్గుతూ కూర్చుని ఉన్నాడు, తల ఎత్తలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాకు ఆ సామెత చిన్నప్పటినుంచి తెలుసు, పనికొచ్చింది మాత్రం లేదు.

ఆమె మేకులన్నీ గంపలో వేసుకుని గట్టు ఎక్కింది. ఏ మేకు ఎక్కడిదో ఒక్కసారి కూడా తడబడలేదు. పుట్ట పక్కది, రెండు రేగుల నడుమది, జింకలు పండుకునే చోటుది అని తనలో తాను అనుకుంటూ పాత బొక్కల్లోనే దించుకుంటూ పోయింది. నేను ఫోనులో గుర్తులు, పాత ఫోటోలు చూసుకుంటూ వెనక నడిచాను. ఇరవై ఏడు మేకులు ఉన్నచోటనే ఉన్నాయి. మూడు చోట్ల మట్టి కూలి బొక్క పూడుకుపోవడంతో నాలుగు వేళ్ల తేడా వచ్చింది. తొమ్మిదిన్నరకు పని అయిపోయింది. అప్పుడు నేను ఆమెతో, ఈ సంగతి సారుకు చెప్పొద్దన్నాను. పూజనే గదా, ఎందుకు చెప్పొద్దని అడిగింది. చెప్పొద్దంటే చెప్పొద్దని కసిరాను.

తనిఖీ సారు బీదర్ వైపు నుంచి జీపులో వచ్చాడు. నెత్తి మీద టోపీ, భుజాన నీళ్ల సీసా, నెమ్మదైన మనిషి. నాతో హిందీలో మాట్లాడాడు. ఊరివాళ్లతో మాట్లాడాలంటే నేనే నడుమ ఉండి చెప్పాలి గదా, ఏది చెప్పాలో ఏది వద్దో నా చేతిలోనే ఉంటుందని లోలోపల ధైర్యంగా ఉంది. రెండు మేకులు సాఫీగా గడిచాయి. మూడో మేకు దగ్గర వంగి దాన్ని పట్టుకున్నాడు. చేయి తీస్తే వేళ్లకు పచ్చగా అంటింది. ఇదేమిటని అడిగాడు.

"దూరం నుంచి కనబడాలని రంగు వేయించాం" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట.

ఆయన తలూపి రాసుకున్నాడు. తర్వాత పక్కన నిలబడ్డ అక్కను చూసి, మర్యాదకు అన్నట్టు, ఈ గడ్డిని ఎన్నాళ్లుగా కాస్తున్నావని కన్నడలో అడిగాడు. అక్క తల్లిగారి ఊరు సరిహద్దుకు అవతల, నడిచిపోయేంత దూరంలో ఉంది. అది నాకు తెలియని సంగతి కాదు, ఆ గాబరాలో యాదికి రాలేదంతే. ఆమె గలగలా కన్నడలో మొదలుపెట్టింది. అత్తగారి కాలం నుంచి చెప్పుకొచ్చింది. నాకు కన్నడం మాట్లాడరాదు గానీ అర్థమవుతుంది. నిన్నటి పండుగ దగ్గరికి వచ్చింది. మేకులు ఇంటికి తీసుకుపోయి కడిగి పూజ చేశామని, పొద్దున్నే మళ్లీ పాతామని, ఏ మేకూ తప్పలేదని గర్వంగా చెప్పింది. ఆయన ఆమె చెప్పిందంతా విని, తన పచ్చటి వేళ్లు చూసుకుని, తర్వాత నా వైపు చూశాడు. అంత సిగ్గు నేను జీవితంలో పడలేదు.

ముప్పై మేకులూ ఆయన స్వయంగా కొలిచాడు. సాయంత్రం జీపు దగ్గర నన్ను ఒక్కదాన్నే నిలబెట్టి మాట్లాడాడు. గొంతు పెంచలేదు. "మేకుల తేడా పెద్దది కాదు. పొద్దున్నే మీరు చెప్పి ఉంటే ఒక లైను రాసుకుని ముందుకు పోయేవాణ్ణి. ఇప్పుడు మీ ఫైల్లో మిగతా మాటలు నేనెట్లా నమ్మాలి?" అన్నాడు. ఈ ఏడు లెక్కలోకి రాదని, వచ్చే దసరాకు మళ్లీ చూస్తానని రాసి వెళ్లిపోయాడు.

జీపు పోయాక నేను ఏమంటానో అని అక్క ఎదురు చూడలేదు. "నాకు అబద్ధం రాదు చెల్లె. పండుగ చేసినందుకు దొంగ లెక్క నిలబడాల్నా?" అన్నది. జీతం ఆగిపోతుందని నేను చెప్పాల్సి వచ్చింది. ఆమెకు అప్పటికే అర్థమైంది. కర్ర చంకలో పెట్టుకుని, పొద్దుగూకేలోపు ఒక చుట్టు తిరిగొస్తానని గట్టు ఎక్కింది.

దీపావళి అయిన మూడో రోజు వాళ్లు పట్నం బయలుదేరారు. నారాయణఖేడ్ బస్టాండులో కలిశాను. రెండు మూటలు, ఒక చిన్న గ్యాస్ పొయ్యి, ఆయన మెడకు మఫ్లరు. బస్సు రావడానికి ఇంకా టైం ఉంది. ఆయన నీళ్ల కోసం పోయినప్పుడు, నన్ను మాఫ్ చేయమని అడిగాను.

"అబద్ధానికి అడుగుతున్నవా, పొద్దుగాల అన్న మాటకు అడుగుతున్నవా?"

రెండింటికీ అన్నాను.

"రెండోదానికే అడుగు. పట్నం పోవుడు నాకు కొత్త గాదు. గా మాట కొత్తది."

మళ్లీ అడిగాను, దానికే. ఆమె నా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలేసింది. తర్వాత మామూలుగా, పుట్ట పక్క మేకు కాడ నక్క పిల్లలు పెట్టింది, ఎండాకాలం దాకా అటు ఎవరినీ పోనీయకు అని పనులు చెప్పింది. బస్సు వచ్చాక కిటికీ పక్కన ఆయనను కూర్చోబెట్టింది, గాలి తగులుతుందని. నేను ఆఫీసుకు పోకుండా ఇంటికి పోయాను.

ఎండాకాలం చివర్లో ఊరి మీటింగు పెట్టారు. బంద్ పెట్టాల్నా వద్దా అన్నది తేల్చాలి. కాపలా మనిషి లేడు, జీతానికి సొమ్ము లేదు. ఊళ్లో అప్పటిదాకా నడుస్తున్న మాట ఏమిటంటే, మేకులకు పూజ చేసి ఆమె పని చెడగొట్టిందని. నేను లేచి నిలబడి, చెడగొట్టింది పూజ కాదు, నేను ఆడిన అబద్ధమని చెప్పాను. చెప్పాలా వద్దా అని మూడు రోజులు నిద్ర లేదు, చెప్పడానికి పట్టింది అర నిమిషం. ఎవరూ నన్ను తిట్టలేదు. చుట్ట పెద్దాయన మాత్రం, ఇంత చదువు చదివి అబద్ధం కూడా సక్కగ ఆడరాదు అని చురక వేశాడు. ఈసారి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

తర్వాత ఆయనే అసలు మాట అన్నాడు. "రేపు గామె తిరిగొస్తది. వచ్చేసరికి గడ్డి ఉండాలె గదా. గడ్డే లేకపోతే ఏం గాస్తది?"

ఆ రోజు నుంచి వంతులు వేసుకున్నారు. ఇంటికొక రోజు. అక్క వదిలిపోయిన కర్రే కాపలా గుర్తు. పొద్దుగూకాక ఈ ఇంటివాళ్లు పోయి మరుసటి ఇంటి గడపకు ఆనిస్తే, తెల్లారి వంతు వాళ్లది. కర్ర గడపకు ఉంటే కాదనడానికి లేదు. కిరాణా కొట్టాయన దుకాణం మూసుకుని గొణుక్కుంటూ పోయాడు. ఒక కోడలు చంటిపిల్లను తుండుగుడ్డతో వీపుకు కట్టుకుని పోయింది. ఒకతను తంగేడు నీడన నిద్రపోతే తన మేకలే లోపల పడ్డాయి, వారం రోజులు ఊరు ఊరంతా అతని నిద్ర గురించే మాట్లాడింది. వారానికి రెండుసార్లు నేను పోయి చూసేదాన్ని. గడ్డి నిలిచింది. నక్క పిల్లలు పెద్దవై మళ్లీ కనబడ్డాయి. ఎప్పటిలాగే వానలకు అక్కావాళ్లు తిరిగొస్తారనుకున్నాను గానీ, మేస్త్రి వదలలేదట, ఆ ఏడు రానే లేదు.

దసరా వచ్చింది. మేకులు పీకొద్దు గానీ పూజ ఎందుకు మానాలని ఊరి ఆడవాళ్లు అన్నారు. పళ్లెంలో పసుపు కుంకుమ, చెంబుతో నీళ్లు పట్టుకుని గట్టు ఎక్కి, ముప్పై మేకులకూ ఉన్నచోటనే బొట్లు పెట్టారు. మొదటి దానికి నేను పెట్టాను. మరునాడు సారు జీపు దిగకముందే కిటికీ దగ్గరికి పోయి, నిన్న పూజ చేశామని, మేకులు కదల్లేదని, రెండు చదరాల్లో గడ్డి తొక్కుడు పడిందని చెప్పాను. ఆయన ఆ రెండింటి నంబర్లు అడిగి రాసుకున్నాడు. సాయంత్రం వరకు కొలిచాడు. నేల బాగుపడిందని రాశాడు.

అంతా అయిందనుకున్న వారానికి, కంప్యూటరులో చివరి పేజీ నింపమని పంపాడు. అందులో ఒక్కటే ప్రశ్న నన్ను ఆపింది. ఈ ఏడాది ఈ నేలకు దొరికిన రక్షణ, డబ్బు లేకపోయినా జరిగేదా? ఈ పనికి ఇది ప్రాణం లాంటి ప్రశ్న. డబ్బుతో పని లేకుండానే బాగుపడే నేలకు ఎవరూ డబ్బు ఇవ్వరు. నిజం రాయాలంటే, జరిగేదా ఏమిటి, జరిగింది. పైసా లేకుండా ఊరు కాసింది. అది రాస్తే క్రెడిట్లు రావు, అక్క జీతం రాదు. దాచి రాస్తే ఏమవుతుందో నాకు ఒకసారి తెలిసింది. రెండు రోజులు ఆ పేజీ తెరిచి మూసి, తెరిచి మూసి చేశాను. ఊరి మంచితనమే వాళ్ల నోటికాడి కూడు తీసేలా ఉందని ఏడుపొచ్చింది.

చివరికి అక్కకు ఫోన్ చేశాను. మధ్యాహ్నం అన్నం వేళ. ప్రశ్న ఏమిటో, ఏది రాస్తే ఏమవుతుందో దాచకుండా చెప్పాను. నీ బతుకు సంగతి గనక నువ్వే చెప్పు, ఏం రాయమంటావ్ అని అడిగాను.

వంతుల సంగతి మళ్లీ ఒకసారి చెప్పించుకుంది. కర్ర ఇప్పుడు ఎవరింటి గడపకు ఉందో అడిగింది. ఆయన పక్కనే ఉన్నట్టున్నాడు, దగ్గు వినబడింది.

"ఉన్నది ఉన్నట్టు రాయి చెల్లె. పైసల్లేకున్నా గడ్డి ఉన్నదని రాయి. నేను లేనని గూడ రాయి."

రెండూ రాశాను. ఊరు వంతులు వేసుకుని ఈ ఏడు గడ్డిని కాపాడిందని రాశాను. ఆ గడ్డి నాడి తెలిసిన మనిషి డబ్బు లేక ఊరిలో లేదని, సిమెంటు పని చేయొద్దన్న భర్తను తీసుకుని సిమెంటు పనికే పోయిందని రాశాను. గడ్డి రకాల పట్టికలో నేను చెప్పనిది కూడా రాశాను, సగం ఆమె గుర్తుపట్టినవేనని. మూడేళ్లు ఆ నేల మీద ఏమేం ఉన్నాయో లెక్కపెట్టాను గానీ, ఎవరు లేరో రాయడం అదే మొదలు. పంపించేశాక భయం వేయలేదు.

క్రెడిట్లు ఇచ్చేవాళ్ల నుంచి జవాబు రావడానికి నెల దాటింది. మొదటి విడత ఒప్పుకున్నారు. కాపలా జీతాన్ని ఆ నేల ఖర్చుగా ముందే రాసిపెట్టాలని షరతు. కారణం అన్నచోట అక్క చెప్పిన రెండో మాటను, ఆ మనిషి డబ్బు లేక ఊళ్లో లేదన్నదాన్ని, ఎత్తి రాశారు. నేను చదివింది తప్పేమోనని రెండుసార్లు చదివి, మెట్లు దిగి ఎరువుల బస్తాల మధ్య నిలబడి ఆమెకు ఫోన్ చేశాను.

జీతం నిలబడ్డదని చెప్పాను. అటువైపు కంకర కలిపే మిషను తిరుగుతోంది. వినబడలేదేమోనని మళ్లీ గట్టిగా చెప్పాను. మిషను చప్పుడు ఆగింది.

"ఆగు చెల్లె," అన్నది, "మేస్త్రికి చెప్పొస్త."